భోజనపు బల్లపై ఫ్రెంచి ద్రాక్ష
(మన సంఘ సమావేశమున చదివిన ప్రసంగము)



నేటి ప్రసంగ విషయమును విని పెద్దలలో కొందఱు నవ్విరి. కొందఱు బొమలు ముడిచిరి. ఆ ముడి అకారణము కాదు. సారాయి ఎన్ని సంసారములను కూల్చినదో మనమెఱుగుదుము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు దానిపై తిరుగబడిన సంగతి మఱవరానిది. మన కర్ణాటకమున 2007 జూలై 1 నుండి సారాయి నిషిద్ధమైనది. చిత్రమేమనగా, వైను తయారీని ప్రోత్సహించు విధానము కూడ ఆ యేడే వెలువడినది. ద్రాక్ష రైతునకు మేలు కలుగవలెననుట దాని ఉద్దేశములలో నొకటి. కావున ఈ వస్తువేమో తెలిసికొనుట మనకు అవసరము.

దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురము ప్రాంతముల నల్లద్రాక్షను మీరందఱు తిన్నవారే. ‘బెంగుళూరు బ్లూ’ అను ఆ ద్రాక్ష 2013లో భౌగోళిక గుర్తింపు పొందినది. పండ్లరసమునకు, తియ్యని వైనులకు అది తగినది. కాని అది అమెరికా జాతికి చెందినది. దాని ఘాటైన వాసన ఫ్రెంచివారి నాలుకకు రుచింపదు. ఆ జాతిదే అయిన ఇసబెల్లా ద్రాక్షతో వైను చేసి అమ్ముటను ఫ్రాన్సు 1930వ దశకమున నిషేధించినది.

అందుచేత 1988లో గ్రోవర్ వారు నందికొండ దిగువన, దొడ్డబళ్ళాపురము చెంత, ఫ్రెంచి ద్రాక్షతోటకు పూనుకొనిరి. షాంపేన్ ప్రాంతపు నిపుణుడు జార్జ్ వెస్సెల్ వారికి తోడ్పడెను. ఫ్రాన్సు దక్షిణమున రోన్ నదీ ప్రాంతపు ఎఱ్ఱ వైను, ‘కోత్ ద్యు రోన్’ అనునది, అచ్చటి భోజనమునకు తోడు. గ్రెనాష్, సిరా అను ద్రాక్షలు దానిలో ముఖ్యములు. ఆ సిరాయే మన నందికొండ దిగువన షిరాజ్ అను పేర పండుచున్నది.

మన లాక్షణికులు నోట వేయగనే రుచించు కవిత్వమును ద్రాక్షాపాకమనిరి. ఈ వైను మాత్రము నారికేళపాకము! తొలి గ్రుక్కలో తీపి లేదు. పచ్చివక్క నమలినట్టి వగరు తోచును. అది ద్రాక్షతోలు, గింజల నుండి వచ్చినది. పిమ్మట నల్లనేరేడు వంటి పండు రుచి, దాని వెనుక మిరియపు వాసన. ఇది భ్రమ కాదు. మిరియమునకు ఆ పరిమళమునిచ్చు రోటండోన్ అను పదార్థమే షిరాజులోను కలదని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

కావున మిరియము వేసిన మాంసపు వేపుడు దీనికి సహజమైన జోడు. శాకాహారులు నువ్వులు, వేరుసెనగలు కూరిన గుత్తివంకాయను కారము తగ్గించి వండుకొనవచ్చును. ఆ నూనెదనము వగరును మెత్తబఱచును. గుంటూరు మిరపకారముతో మాత్రము పొత్తు కుదరదు. మద్యసారము మంటను మఱింత రేపును. గోంగూర పులుపు ముందు వైను చప్పబడును. పాయసము ప్రక్కన పులియును. మన భోజనమున పులుసు, కారము, తీపి ఒకే విస్తరిలో చేరును గనుక, ఏదో యొక వంటకముతోనే దీనిని పుచ్చుకొనుట మేలు. ఎఱ్ఱ వైనును గది వేడిమిలో నుంచవలెనందురు. ఆ గది ఫ్రాన్సుది. అచ్చటి లెక్క 16 – 18 డిగ్రీలు. బెంగుళూరు వేసవిలో సీసాను అరగంట ఫ్రిజ్‌లో నుంచుడు.

తుదకు ఒక్క మాట. సారాయిలోని మత్తు పదార్థమే, నూటికి సుమారు 13 పాళ్ళు, దీనిలోను కలదు. ఫ్రాన్సులోను దీనివలన చెడినవారు లేకపోలేదు. ఎంత కొంచెమైనను నిరపాయమనరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో హెచ్చరించినది. అలవాటు లేనివారు నా మాట విని మొదలుపెట్టవలదు. పుచ్చుకొనువారు అన్నముతో, చిన్న గ్లాసుతో, ఇంటివారి యెదుట పుచ్చుకొనుడు. ఇల్లాలి యెదుట దాచవలసిన గ్లాసు ఏ దేశపు ద్రాక్షదైనను సారాయియే.