ఇంటి దీపములు, స్విచ్చులు
(సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



సంగీత సాహిత్యముల నడుమ కరెంటు తీగల ప్రసక్తి యేలనని మీలో కొందరికి తోచవచ్చును. కాని మనము బదిలీలపై బ్రతుకు వారము. నాలుగేండ్లకొక యూరు, ఊరికొక యిల్లు. ఆ యింటి తీగలు మనమెఱుగని వారెవరో వేసినవి. అటుపై మరమ్మతుల పేర మరెందరో చేయి పెట్టినవి. వానిని నమ్మియే మన పిల్లలు ప్రతిదినము స్విచ్చులు నొక్కుచున్నారు. ముప్పది యేండ్లు విద్యుత్ పనులలో గడిపి నేను నేర్చుకొన్న ముఖ్యవిషయ మొక్కటి మీకు మనవి చేయుదును. దీపము ఆరినంత మాత్రమున తీగలో కరెంటు లేదని నమ్మరాదు.

1978వ సంవత్సరమున నాకు ఒక క్రొత్త యూరికి బదిలీ యైనది. మాకిచ్చిన క్వార్టరులో చేరిన రెండవ వారమున వంటయింటి బల్బు మాడిపోయినది. మా తమ్ముడు స్విచ్చి ఆర్పి, ముక్కాలిపీట యెక్కి, పాత బల్బు తీసి క్రొత్తది పెట్టబోవుచు హోల్డరులోని పిన్నును వేలితో తాకెను. రెండవ చేయి తడిగోడపై నుండెను. ఒక్క కేకతో క్రింద పడెను. మణికట్టు విరిగినది, ప్రాణము దక్కినది. మా అమ్మ “స్విచ్చి ఆర్పకుండ ఎక్కితివేమిరా?” అని వాపోగా వాడు “ఆర్పియే ఎక్కితినమ్మా” అనెను. వాడు చెప్పినది నిజము. ఊరివారి యిండ్ల తీగలు పరీక్షించు నేను నా యింటి తీగలను చూచుకొనలేదు.

విచారింపగా తెలిసినదేమనగా, మాకు ముందు ఆ యింట మీటరు వద్ద మరమ్మతు జరిగినది. తిరిగి బిగించునపుడు ఫేజు తీగ న్యూట్రల్ స్థానమునను, న్యూట్రల్ తీగ ఫేజు స్థానమునను చేరినవి. దీపములన్నియు వెలిగినవి, ఫ్యానులన్నియు తిరిగినవి. అందుచే ఎవరికిని అనుమానము కలుగలేదు.

దీని రహస్యము సులభము. మన యిండ్లకు 230 వోల్టుల కరెంటు రెండు తీగలపై వచ్చును. న్యూట్రల్ తీగను ట్రాన్స్‌ఫార్మరు వద్ద భూమితో కలిపియుందురు. కనుక నేలపై నిలిచినవాడు ఫేజు తీగను తాకినచో అతని శరీరమే కరెంటునకు దారియగును. సాధారణమైన స్విచ్చి ఈ రెంటిలో ఒక తీగను మాత్రమే తెంపును. అది ఫేజు తీగను తెంపినచో హోల్డరు వరకు అపాయము లేదు. న్యూట్రల్‌ను తెంపినచో దీపము ఆరును గాని, ఫేజు హోల్డరు వరకు వచ్చి కాచుకొనియుండును. కుళాయి కట్టుటకు మారుగా తూము మూసినచో ప్రవాహమాగును. గొట్టములో మాత్రము నీరు నిండియే యుండును గదా! ఇదియు నట్టిదే.

అందువలననే 1956 నాటి భారత విద్యుత్ నియమములలో 32వ నియమము, న్యూట్రల్ తీగకు విడిగా ఫ్యూజుగాని స్విచ్చిగాని ఉండరాదనియు, ఉన్నచో ఫేజుతో పాటు ఒక్కసారిగా తెంపునది కావలెననియు శాసించినది. ఆ నియమముల స్థానమున 2010లోను, మరల 2023లోను భద్రతా నిబంధనలు వెలువడినవి, సూత్రము మారలేదు. ఫ్యూజు న్యూట్రల్‌పై నున్నచో మరియొక కీడు కలదు. ఫ్యూజు పోయి యిల్లంతయు చీకటియైనను ప్రతి హోల్డరులోను ఫేజు నిలిచియే యుండును.

తీగలు వేయు పద్ధతులు మన కన్నులయెదుటనే మారినవి. చెక్క కేసింగుల కాలము పోయి టేకు బద్దలపై తీగలు వచ్చినవి. అవియు పోయి గోడలోపలి పైపులు వచ్చినవి. ఏ పద్ధతియైనను దీపములకు లూపింగు విధానమే మేలు. అందు ఫేజు తీగ స్విచ్చినుండి స్విచ్చికి సాగును; నడుమ అతుకులు ఉండవు. అతుకులన్నియు స్విచ్చిబోర్డులోనో హోల్డరులోనో మరలక్రింద నుండును గాన చెడినప్పుడు వెదకుట తేలిక. ఒక దీపపు సర్క్యూటుపై 10 పాయింట్లకు గాని 800 వాట్లకు గాని మించరాదన్నది చిరకాలపు కట్టుబాటు. 800ను 230చే భాగించిన మూడున్నర ఆంపియర్లు మాత్రమే. బోర్డుపై ఖాళీ యున్నదని ఇస్త్రీపెట్టెను, నీళ్ల హీటరును దీపపు తీగకు తగిలించుట తగదు.

ఇక మెట్లదారి దీపము. క్రిందను పైనను రెండు స్విచ్చులతో ఒకే దీపమును వెలిగించి ఆర్పుట అందరికిని ముచ్చటయే. సరియైన పద్ధతిలో ఫేజు క్రింది స్విచ్చి నడిమి మరకు వచ్చును. అచటినుండి రెండు తీగలు పై స్విచ్చికి పోవును. పై స్విచ్చి నడిమి మరనుండి ఒక తీగ దీపమునకు చేరును. దీపపు రెండవ కొన నేరుగా న్యూట్రల్‌కు పోవును. కొందరు తీగ ఆదాచేయ దలచి, క్రింది బోర్డులోని ఫేజు న్యూట్రళ్లను క్రింది స్విచ్చికి, పై బోర్డులోనివి పై స్విచ్చికి తగిలించి, దీపమును రెండు స్విచ్చుల నడుమ కట్టుదురు. దీపము చక్కగనే పనిచేయును. కాని అది ఆరియుండు స్థితులు రెండు. ఒకదానిలో రెండు కొనలును న్యూట్రల్‌పై నుండును. రెండవదానిలో రెండును ఫేజుపై నుండును. ఏ స్థితిలో ఉన్నదో ఆరిన బల్బు చెప్పదు. పది గజముల తీగ కొరకు ఇంతటి అపాయము కొనితెచ్చుకొనరాదు.

క్రొత్త యింట చేరిననాడు చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. మూడు రంధ్రముల సాకెట్టును ఎదుట నిలిచి చూచినపుడు పెద్ద రంధ్రము ఎర్తు, కుడిది ఫేజు, ఎడమది న్యూట్రల్. స్విచ్చి వేసి టెస్టరు పెట్టినచో కుడివైపుననే వెలుగవలెను. ఎడమవైపున వెలిగినచో తీగలు తారుమారైనవని అనుమానించి, వెంటనే లైసెన్సుగల వైర్‌మన్‌ను పిలువుడు, మీరు విప్పవలదు. ఆరిన తరువాతను ఎల్.ఇ.డి. బల్బు మిణుకుమనుచున్నచో దానికి పలు కారణములుండవచ్చును. న్యూట్రల్‌పై స్విచ్చి యుండుట వానిలో నొకటి. బల్బు మార్చునపుడు ఆ దీపపు స్విచ్చి చాలదు. రెండు తీగలను తెంపు మెయిన్ స్విచ్చినే ఆర్పుడు. పొడి పీటపై చెప్పులతో నిలువుడు. వీలైనచో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుడు. శరీరము గుండ కరెంటు భూమికి పోజొచ్చినపుడు అది క్షణములో సరఫరాను తెంపును.

మా తమ్ముని మణికట్టు అతికినది గాని పూర్తిగా తిరుగలేదు. వాడు నన్నెన్నడును నిందింపలేదు. అటుపిమ్మట ఏ యూరికి బదిలీ యైనను, సామాను దించకముందే టెస్టరు చేతబట్టి ప్రతి గదియు తిరుగుట నాకు వ్రతమైనది. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలన్నారు. ఈ రాత్రి ఇంటికి పోయి, దీపముండగనే ఆ దీపపు తీగలను గూడ చూచుకొనుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.