వైద్యవిద్యకు ముందు ఏ విషయము చదువవలెను?



ప్రభుత్వోద్యోగములలోనున్న తెలుగువారిలో అమెరికాయందు బంధువులుగలవారు నేడనేకులు. అక్కడి మేనల్లుడో మేనకోడలో కాలేజీలో చేరునపుడు, "డాక్టరు కావలెనన్న ఏ విషయము తీసికొనవలెను?" అను ప్రశ్న ఇక్కడి పెద్దలకడకు వచ్చుచుండును. ఇక్కడి అనుభవముతోనే దానికి బదులు చెప్పిన పొరపాటు జరుగును.

భారతదేశములో పండ్రెండవ తరగతిలో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివి, నీట్ పరీక్షలో నెగ్గినవారు నేరుగా ఎం.బి.బి.ఎస్.లో చేరుదురు. జీవశాస్త్రము చదువనివారికి ఆ ద్వారము తెరువబడదు. అమెరికాలో క్రమము వేరు. అక్కడ సాధారణముగా 4 ఏండ్లు చదివి డిగ్రీ పొందిన పిమ్మట మరి 4 ఏండ్లు వైద్యము చదువవలెను. మొదటి డిగ్రీకై యెన్నుకొను ప్రధానవిషయమునే మేజరందురు. 'ప్రీమెడ్' అనునది చాలకాలేజీలలో మేజరు కాదు. వైద్యవిద్యకు సిద్ధపడు విద్యార్థికి వాడుకలోనున్న పేరు మాత్రమే.

జీవశాస్త్రమొక్కటే మార్గమని పలువురు తలిదండ్రులు భావింతురు. కాని అక్కడి వైద్యకళాశాలలు ముఖ్యముగా చూచునది మేజరు పేరు కాదు. జీవశాస్త్రము, సాధారణ రసాయనము, కర్బన రసాయనము, భౌతికశాస్త్రము ప్రయోగశాలతోకూడ చదివెనా యని చూచును. పెక్కుచోట్ల జీవరసాయనమును గూడ కోరుదురు. ఇవి పూర్తిచేసినవారు చరిత్రలోనైనను, గణితములోనైనను, సంగీతములోనైనను పట్టము పొందవచ్చును.

దీనికి చక్కని నిదర్శనము కలదు. 1989లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానమును ఇరువురు పంచుకొనిరి. వారిలో మైకేల్ బిషప్ గెటిస్‌బర్గ్ కాలేజీలో రసాయనశాస్త్రము చదివెను. హెరాల్డ్ వార్మస్ ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఆంగ్లసాహిత్యము చదివి, హార్వర్డులో ఆ విషయముననే ఎం.ఏ. పొంది, అటుపిమ్మట కొలంబియాలో వైద్యవిద్య నభ్యసించెను. వైద్యవిద్యార్థిగా మన బరేలీలోని యొక ఆసుపత్రిలో కొంతకాలము పనిచేసెను గూడ. క్యాన్సరు కలిగించు కొన్ని వైరసులలోని జన్యువులు ఆరోగ్యవంతమైన కణములనుండియే వచ్చినవని ఈ ఇరువురును కలిసి నిరూపించిరి. దారులు రెండు, గమ్యమొక్కటి.

అట్లని సాహిత్యము తీసికొన్నవారికి శాస్త్రముల శ్రమ తప్పదు. సాధారణ రసాయనము ముగిసినగాని కర్బన రసాయనము, అది ముగిసినగాని జీవరసాయనము చదువుట సాధారణముగా సాధ్యము కాదు. కావున మొదటి సంవత్సరముననే ఆరంభించుట మేలు. దరఖాస్తులో శాస్త్రవిషయముల మార్కులను వేరుగా లెక్కింతురు. ఎంక్యాట్ అను ప్రవేశపరీక్షలో శాస్త్రములతోపాటు, 2015 నుండి మనస్తత్వ, సమాజశాస్త్రములును చేరినవి. కఠినమైన గద్యభాగములను చదివి అర్థముచేసికొను శక్తిని పరీక్షించు భాగమును కలదు. విస్తారముగా చదువు అలవాటు ఇచ్చట అక్కరకు వచ్చును.

మరియొక సత్యమును పెద్దలు మరువరాదు. అమెరికాలో ఎం.డి. కళాశాలలకు ఒక్కొక్క యేట దరఖాస్తు చేసినవారిలో సగముకన్న తక్కువమందికే ప్రవేశము లభించును. అక్కడి పౌరసత్వముగాని, శాశ్వతనివాసపు హక్కుగాని లేనివారిని పెక్కు కళాశాలలు పరిశీలింపనే పరిశీలింపవు. ఇచ్చటినుండి పోదలచిన విద్యార్థి ఈ సంగతి ముందే విచారించుకొనవలెను. సీటు రానినాడు చేతిలో మిగులునది ఆ మొదటి డిగ్రీయే. ఇష్టములేక, ఇతరుల మాటకై చదివిన విషయమున మార్కులును రావు, ఆ పట్టముతో బ్రతుకుతెరువును సుకరము కాదు.

కావున పిల్లలకు చెప్పవలసిన మాట యిది: వైద్యకళాశాల కోరు పాఠములను వేళకు పూర్తిచేయవలెను, మేజరుగా మాత్రము మనసు నిలుచునట్టి, మార్కులు తెచ్చునట్టి, అవసరమైన అన్నము పెట్టునట్టి విషయము నెన్నుకొనవలెను. జీవశాస్త్రముపై నిజమైన ప్రీతి యున్నవారు దానినే చదువుదురు గాక. భయముచే మాత్రము దాని నెన్నుకొనరాదు.