తాతగారి జేబు గడియారం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

లింగంపల్లి స్టేషన్ అంటే ఇప్పటి పిల్లలకు ఎంఎంటీఎస్, హైటెక్ సిటీ ఆఫీసులు. కానీ సికింద్రాబాద్ నుంచి వాడి వరకు ఈ లైను 1874లోనే పడింది. మా తాతగారు దాని మీద గార్డుగా చేశారు. ఆయన జేబు గడియారం ఇప్పుడు నా దగ్గరుంది.

దాని మీద మా ఇంట్లో రెండు కథలు. నిజాం ప్రభువు బహూకరించారని మా నాన్నగారు చెప్పేవారు. రైల్వే సొమ్ము, తాతగారు తిరిగి అప్పజెప్పలేదని మా మేనత్తగారింటివాళ్లు పెళ్లిళ్లలో నవ్వుతూ అనేవారు. ఆ నవ్వు నాన్నగారికి గుచ్చుకునేది.

ఇంజనీరును కదా, పోయినేడు మూత తీయించాను. డయల్ మీద వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ, బొంబాయి, కలకత్తా అని ఉంది. అది స్విస్ సరుకు. వెనక మూత మీద ఎన్.జి.ఎస్.ఆర్. అని చెక్కి, కింద ఒక నంబరు వేశారు.

ఆ 'జి' అక్షరమే ఆధారం. 'జి' అంటే గ్యారంటీడ్. 1883లో లండన్‌లో ఏర్పడిన రైల్వే కంపెనీకి నిజాం సర్కారు రాబడి హామీ ఇచ్చింది కనుక ఆ పేరు. 1930లో సర్కారే రైల్వేను కొనుక్కుంది. పేరులో 'జి' పోయింది. తాతగారు ఉద్యోగంలో చేరింది 1936లో. అంటే ఇది ఆయన కోసం చేయించిన బహుమతి కాదు, అంతకుముందే ఇంకొకరి జేబులో తిరిగిన డ్యూటీ గడియారం.

ఇక రెండో కథ. ట్రంకు పెట్టెలో తాతగారి కాగితాల కట్ట విప్పితే, 1968లో ఆయన రిటైరైనప్పటి లెక్క దొరికింది. అప్పటికి మనది దక్షిణ మధ్య రైల్వే. అందులో ఒక వరుస: గడియారం ఖరీదు కింద మినహాయింపు. పక్కన అదే నంబరు.

నాన్నగారికి ఎనభై నాలుగేళ్లు. చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే కొనుక్కున్నాడన్నమాట" అన్నారు. "దాన్ని జిరాక్స్ తీయించి మీ అత్తయ్యకు పంపరా" అన్నారు.

మన బడిలో బీహెచ్‌ఈఎల్ కార్మికుల పిల్లలున్నారు, రైల్వేవాళ్ల పిల్లలున్నారు. మీ ఇళ్లలోనూ ఇలాంటి వస్తువులుంటాయి. వాటి మీది అక్షరాలు, నంబర్లు రాసిపెట్టుకోండి. ఇల్లు మారేటప్పుడు పాత కాగితాలు చదవకుండా పారేయకండి. పెద్దవాళ్లను ఈ సంక్రాంతికే అడగండి. సెలవు.