పాట పాదాలను చెదరనీయవద్దు

(రాజపాళయంలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట తెలుగు, వీధిలో తమిళం: ఇదీ మన బతుకు. శతాబ్దాల నాడు తరలివచ్చిన మన కుటుంబాలలో మాట నిలిచింది గాని రాత నిలవలేదు. 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి దశలవారీగా తప్పనిసరి చేసిన తరువాత, బడిలో తెలుగుకు చోటు మరింత ఇరుకైంది. కనుక పాటలను, పద్యాలను కంప్యూటరుకు ఎక్కించే పని మనమే చేసుకోవాలి. ఆ పనిలో ఎదురయ్యే ఒక చిన్న చిక్కును గురించి నేడు మనవి చేస్తాను.

మా అమ్మమ్మ పాడిన జోలపాటను నేను మొదటిసారి ఒక వికీ పుటలో రాశాను. ప్రతి పాదం చివర ఎంటర్ మీట నొక్కాను. ఎనిమిది పాదాలు. భద్రపరిచి చూస్తే ఎనిమిదీ కలిసిపోయి ఒకే పేరాగా కనిపించాయి. పాదాలకు ముందు ఖాళీ వదిలి చూశాను. ఈసారి పాట ఒక పెట్టెలో బిగుసుకొని, టైపు మిషను అక్షరాలలో తేలింది. మరొకరైతే విసిగి మానుకునేవారు.

ఇది యంత్రం తప్పు కాదు. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ తొలి వికీని నెలకొల్పిన నాటి నుండి వికీల లక్ష్యం ఒక్కటే: ఎవరైనా సులువుగా రాయగలగాలి. వికీపీడియా వాడే పద్ధతిలో ఒక్క ఎంటరు పేరాను విడదీయదు. ఖాళీ వరుస వదిలితేనే కొత్త పేరా. పంక్తి మొదట ఖాళీ ఉంటే దానిని ఉన్నదున్నట్టు చూపవలసిన భాగంగా ఎంచుతుంది. పక్కపక్కన ఎన్ని ఖాళీలున్నా చూపేటప్పుడు ఒక్కటే మిగులుతుంది. గద్యానికి ఇది మేలే. సన్నని పుటల పుస్తకం నుండి ఎత్తి రాసిన ముక్కలు కలిసి, తెర వెడల్పుకు తగినట్లు సర్దుకుంటాయి.

అయితే పద్యం మాటేమిటి? తాటాకుల మీద మన పూర్వులు పద్యాన్ని కూడా విడదీయక వరుసగానే రాశారని మీరు అడగవచ్చు. నిజమే. కాని కంద పద్యాన్ని కలిపి రాసినా, గణాలు, ప్రాస తెలిసినవారు పాదమెక్కడ ముగిసిందో పట్టగలరు. విరుపు ఆకు మీద లేకున్నా చదువరి చెవిలో ఉండేది. మన పిల్లలకు ఆ చెవి లేదు. జోలపాటకు, పెళ్లిపాటకు అంతటి ఛందస్సు కట్టడీ లేదు. పాదం చెదిరితే వారికి దక్కేది మాటల కుప్ప మాత్రమే. ఛందస్సు మరచిన తరానికి పంక్తి విరుపే ఛందస్సు.

అందుచేత నా విన్నపం: గద్యంలో పంక్తులను కలపనివ్వండి, పద్యంలో నిలపండి. దారి ఉన్నది. పాటకు ముందు కోణపు గుర్తుల నడుమ 'పోయెమ్' అని ఆంగ్లాక్షరాలలో రాసి, చివర అదే మాటను గీటు చేర్చి ముగిస్తే, ప్రతి విరుపూ, పాదం ముందు వదిలిన ఖాళీ కూడా నిలుస్తాయి. తెలుగు వికీసోర్సులో ఈ సౌకర్యం ఉన్నది. ప్రతి పాదం చివర 'బీఆర్' గుర్తు పెట్టినా పంక్తి విరుగుతుంది గాని, గుర్తుల గుబురులో తరువాత దిద్దేవారు తికమకపడతారు.

వికీసోర్సు అచ్చయిన, స్వేచ్ఛగా వాడదగిన గ్రంథాల కోసం. మన ఇంటిపాటలకు మన సంఘాలే సొంత వికీ పెట్టుకోవచ్చు, మీడియావికీ ఉచితం. పెట్టేవారు దిద్దుబాటు పెట్టె మీద 'పద్యం' అని తెలుగులో ఒక మీట ఉంచాలి. అమ్మమ్మ పాట రాసే మనుమరాలికి ఆంగ్ల గుర్తులు అడ్డు కారాదు.

ఈ రాత్రి ఇంటికి వెళ్లి పెద్దావిడను ఒక పాట పాడమనండి. ఆమె ఊపిరి తీసుకున్న చోట పంక్తి విరవండి. తెలుగు లిపి రాకుంటే తమిళ లిపిలోనైనా రాయండి, తరువాత మార్చుకుందాం. ఆ ఊపిరి మాత్రం తరువాత దొరకదు.