రాజ్యాంగము ఎట్లు మారును?

(కర్నూలు, కడప జిల్లాల పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మేము గ్రామములకు వచ్చినప్పుడెల్ల మీరడుగు ప్రశ్న యొకటి కలదు: "రాజ్యాంగమును ఎవరు మార్చుదురు?" చెరువు కట్టను కోసి తూము మార్చుట యొక పని, దానికి పదిమంది సమ్మతి కావలెను. కట్టను కదపకయే నీరుగంటి వంతులను మార్చుట మరొక పని. రాజ్యాంగమును ఈ రెండు విధములుగనే మారుచున్నది.

మొదటి విధము 368వ అధికరణములో నున్నది. సవరణ బిల్లును పార్లమెంటు ఉభయసభలలో ఒక్కొక్కదాని మొత్తము సభ్యులలో సగముకంటె ఎక్కువమంది, హాజరై ఓటు చేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండ, ఆమోదింపవలెను. రాష్ట్రముల అధికారములకు సంబంధించిన కొన్ని విషయములలో సగము రాష్ట్రముల శాసనసభలు కూడ అంగీకరింపవలెను. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 2023 నాటికి 106 సార్లు సవరింపబడినది.

రాష్ట్రముల ఏర్పాటునకు ఇంత కట్టడి లేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరించుటకు పార్లమెంటు చేసిన సాధారణ చట్టమే చాలినది. అయితే కర్నూలే యెందుకు? 1937 నవంబరులో మద్రాసున పెద్దలు చేసికొన్న శ్రీబాగు ఒడంబడిక, రాజధాని, హైకోర్టులలో ఒకదానిని కోరుకొను హక్కును రాయలసీమ కిచ్చినది. అది చట్టము కాదు, మాట మాత్రమే. ఆ మాట ఆధారముననే రాజధాని కర్నూలునకు వచ్చినది. హైకోర్టు గుంటూరునకు పోయినది. 1956లో రాజధాని హైదరాబాదునకు తరలినది. వ్రాతలేని మాటకు బలము కలదు. దాని ఆయువును మాత్రము ఎవరును చెప్పజాలరు.

న్యాయస్థానపు తీర్పును అక్షరము మార్చకయే అర్థమును మార్చును. రాజ్యాంగ మౌలిక స్వరూపమును పార్లమెంటైనను చెరుపజాలదని 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు తేల్చినది.

ఇక మీ మాట. పంచాయతీలను నెలకొల్పవలెనని 40వ అధికరణము మొదటినుండియు చెప్పినను, అది ఆదేశసూత్రము మాత్రమే. 1993 ఏప్రిల్ 24న 73వ సవరణ అమలులోనికి వచ్చిన పిదప, ఐదేండ్ల కొకసారి ఎన్నికలు, పంచాయతీ రద్దయినచో ఆరు నెలలలోగా మరల ఎన్నిక, స్త్రీలకు మూడవ వంతునకు తగ్గని స్థానములు రాజ్యాంగబద్ధమైనవి. మన రాష్ట్రము స్త్రీల వాటాను సగమునకు పెంచినది.

ఇప్పుడు మీ కార్యాలయమును చూడుడు. ఎన్నికైన సర్పంచి ఇంటనుండగా ఆమె భర్త కుర్చీలో కూర్చున్నచో, గ్రామసభ జరుగకయే తీర్మానముపై వ్రేలిముద్రలు పడినచో, ఆ యూరిలో రాజ్యాంగము సవరింపబడినట్లే. ఆ సవరణకు పార్లమెంటు ఓటు చేయలేదు. ఏ శాసనసభయు ఒప్పలేదు. మనము ఊరకుండుటయే సమ్మతి యైనది.

మంచి వాడుకయు ఇట్లే మొదలగును. గ్రామసభలో జమాఖర్చులను అందరు వినునట్లు చదివింపుడు. సర్పంచమ్మను ఆమె కుర్చీలో కూర్చుండనిండు. ఆమె మాట ముగియువరకు వినుడు. వాడుక పాడుచేసిన దానిని వాడుకయే బాగుచేయవలెను. అది మీ చేతిలోని పని.