మాంద్యం మన కంచం దాకా వస్తే



పిల్లల తిండి గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగారు. తిండి గురించి చెప్పాలంటే ఇంట్లో డబ్బు గురించి కూడా చెప్పాలి. అందుకే ఆర్థిక మాంద్యం అనే విషయం తీసుకున్నాను.

దేశంలో ఉత్పత్తి వరుసగా రెండు త్రైమాసికాలు, అంటే ఆరు నెలలు, తగ్గుతూ పోతే దాన్ని మాంద్యం అంటారు. 2020లో మన దేశంలో అదే జరిగింది. లాక్‌డౌన్ వల్ల ఏప్రిల్ నుంచి జూన్ వరకు దేశ ఉత్పత్తి ముందు ఏడాదితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. తర్వాతి మూడు నెలలూ తగ్గుదలే. షేర్లు, కంపెనీలు లేని మన కొండల మీదికి అది ఎలా వచ్చింది? ముందు సంత దారిన వచ్చింది.

మార్చి, ఏప్రిల్ నెలలు మన ఏజెన్సీలో చింతపండు, కొండచీపుర్లు సంతకు దిగే రోజులు. సరిగ్గా అప్పుడే సంతలు మూతపడ్డాయి. సరుకు ఇంట్లో ఉంది, కొనేవాళ్ళు లేరు. మే 1న కేంద్రం 49 రకాల అటవీ ఉత్పత్తుల మద్దతు ధర పెంచింది. గింజతో ఉన్న చింతపండు కిలో 31 రూపాయల నుంచి 36 రూపాయలకు పెరిగింది. మంచిదే. కానీ ఉప్పూ నూనె కోసం అప్పటికే వచ్చిన ధరకు అమ్ముకున్న ఇళ్ళకు ఆ పెంపు అందలేదు.

రెండో దారి కూలి. విశాఖలో భవనాల పనికి, మైదానంలో ఇటుక బట్టీలకు, రొయ్యల చెరువులకు వెళ్ళిన మన కుర్రాళ్ళు పని పోయి ఇంటికొచ్చారు. అరకు, బొర్రాలకు యాత్రికులు రాకపోతే బొంగు చికెన్ అమ్మేవారికి, జీపు తోలేవారికి, లాడ్జీలో గదులు ఊడ్చే ఆడవాళ్ళకి రాబడి లేదు. అప్పుడు చాలా ఇళ్ళను నిలబెట్టింది ఉపాధి హామీ పనే. ఆ ఏడాది మన రాష్ట్రంలో దాని కూలి రోజుకు 237 రూపాయలు. దేశమంతటా 11 కోట్లకు పైగా జనం ఆ పనికి వెళ్ళారు.

ఇక కంచం సంగతి. ఆ రోజుల్లో మనిషికి నెలకు 5 కిలోల బియ్యం అదనంగా ఉచితంగా ఇచ్చారు. దానివల్ల పస్తులు తప్పాయి. అయితే ఇంట్లో డబ్బు తగ్గినప్పుడు బియ్యం తగ్గదు. మొదట గుడ్డు పోతుంది, తర్వాత నూనె, ఆ తర్వాత పప్పు. హాస్టల్ తెరిచాక ఇన్నాళ్ళూ ఇంట్లో ఏం తిన్నారని అడిగితే, చాలామంది పిల్లలు చెప్పింది ఒకటే: అన్నం, చింతపండు చారు. కడుపు నిండింది కానీ ఒంటికి పట్టలేదు.

ఇది చిన్న విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రంలో 2019లో జరిగింది, అంటే కరోనాకు ముందే. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. అలాంటి ఇంట్లో పప్పు, గుడ్డు ఆగిపోతే ముందు నష్టపోయేది చివర తినే తల్లి, ఆమె పక్కన కూర్చున్న ఆడపిల్ల. ఇంకా డబ్బు కుదరకపోతే, "పెద్దదాన్ని ఈ ఏడాది మాన్పిద్దాం" అనే మాట వస్తుంది. సంతలో మొదలైన మాంద్యం అలా ఆడపిల్ల పుస్తకాల సంచి దాకా వస్తుంది.

ఆ కష్టంలో కొన్ని ఇళ్ళు తట్టుకున్నాయి. గాదెలో చోళ్ళు, సామలు ఉన్న ఇళ్ళవి. పెరట్లో చిక్కుడు పాదు, మునగచెట్టు, నాలుగు కోళ్ళు ఉన్న ఇళ్ళవి. వంద గ్రాముల చోళ్ళలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. మన అమ్మమ్మలు ఈ లెక్క చదవకుండానే పొద్దున్నే చోడి అంబలి పోశారు.

కాఫీ, మిరియాలు, జీడిమామిడి వద్దని నేననను. పిల్లల ఫీజులకు ఆ డబ్బే కావాలి. కానీ వాటి ధర మన చేతిలో లేదు. అందుకని మూడు మాటలు అడుగుతున్నాను. భూమి మొత్తం అమ్మకపు పంటకే ఇవ్వకండి, కొంత చెక్క చోళ్ళకి, సామలకి, కందులకి ఉంచండి. పని ఉన్నా లేకున్నా ఉపాధి హామీ జాబ్ కార్డు సరిగా ఉంచుకోండి, పని కావాలంటే రాసిచ్చి రసీదు తీసుకోండి. ఎంత ఇబ్బంది వచ్చినా ఆడపిల్లను మాన్పించే ముందు ఒక్కసారి హాస్టల్‌కి వచ్చి మాతో మాట్లాడండి. అక్కడ ఆమెకు చదువుతోపాటు రోజూ పప్పన్నం కూడా దొరుకుతుంది.

మళ్ళీ మాంద్యం ఎప్పుడొస్తుందో మనకు ఎవరూ ముందు చెప్పరు. ఈ ఖరీఫ్‌కు విత్తనం దాచుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

జై ఆదివాసీ! సెలవు.