అంబలి బుర్రలోని అమైనో ఆమ్లములు



రజతోత్సవ సభలో అంబలిని గూర్చి ప్రసంగమేమని కొందరు నవ్వవచ్చును. కాని ఖమ్మము మొదలు భద్రాచలము వరకు గల అడవి పల్లెలలో పొలమునకు బోవువాని సొరకాయ బుర్రలో నుండునది అంబలియే కదా! అందేమున్నదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు పడిన పాట్లు వినదగినవి.

మాంసకృత్తులనునవి ఇరువది రకముల పూసలు గ్రుచ్చిన దండల వంటివి. ఆ పూసలే అమైనో ఆమ్లములు. వానిలో కొన్నింటిని మన శరీరము తయారు చేసికొనజాలదు, ఆహారమునుండియే రావలెను. నీటిలో కరిగినచో వీనికి రంగు లేదు. మరి వేరు చేయుటెట్లు? శ్రీరామనవమికి భద్రాద్రి వీథిలో నడచు జనమును తలచుకొనుడు. గాజుల కొట్టు కడ ఆగువారు వెనుకబడుదురు. ఆగనివారు ముందుగా గుడి చేరుదురు. సన్నని గుళికలు నింపిన గొట్టములో ద్రవమును పోసినప్పుడు అమైనో ఆమ్లములును అట్లే గుళికల నంటుకొనుచు, విడుచుచు, ఒకదాని వెనుక నొకటి వెలువడును. దీనినే ద్రవ క్రొమటోగ్రఫీ యందురు. 1958లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో స్పాక్‌మన్, స్టయిన్, మూర్ అనువారు ఈ పనిని యంత్రమునకు అప్పగించిరి. వెలువడిన ద్రవమునకు నిన్‌హైడ్రిన్ కలిపి కాచగా ఊదారంగు వచ్చును. రంగు చిక్కదనమును బట్టి యంత్రమే కాగితముపై శిఖరములు గీయును.

మనకు దీనితో నేమి పని? దక్కను పీఠభూమిలో జొన్నలే ముఖ్యాహారమైన బీదలకు పెల్లాగ్రా యను వ్యాధి వచ్చుచుండెడిది. ఎండ తగులు మెడ, చేతులు, పాదములు నల్లబడి పొరలు లేచును, విరేచనములు పట్టుకొనును, తుదకు మతి చలించును. మొక్కజొన్న తినువారికి ఇది నియాసిన్, ట్రిప్టోఫాన్ అను రెండును చాలక వచ్చునని తెలిసినదే. కాని జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదే! హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలకు చెందిన గోపాలన్, శ్రీకాంతయ్య గారలు 1960లో, జొన్నలో మితిమీరిన లూసిన్ దీనికి కారణమని ప్రతిపాదించిరి. ఇతర దేశముల పరిశోధకులలో కొందరు ఒప్పుకొనలేదు. ఆ వాదము నటుంచుడు. లూసిన్ తక్కువగల జొన్న రకములను వెదుకవలెనన్న, ఎన్ని గింజల నెన్ని మారులు పరీక్షింపవలెనో! చేతితో చేయు పనియా అది?

యంత్రమునకును లోపము గలదు. దండను త్రెంచుటకు ఆమ్లములో ఒక దినము కాచవలెను. ఆ కాపులో ట్రిప్టోఫాన్ నశించిపోవును. సరిగా మనము వెదుకునదే! దానికి వేరుగా క్షారముతో కాచవలసియుండును.

నూరు గ్రాముల జొన్న మాంసకృత్తులో లూసిన్ సుమారు 13 గ్రాములు, లైసిన్ 2 గ్రాములు మాత్రమే. పాల మాంసకృత్తులో లైసిన్ దాదాపు 8 గ్రాములు. నేటి యంత్రములు సూదితో చుక్కను తామే తీసికొని, గంట లోపుననే లెక్క తేల్చుచున్నవి. మజ్జిగ కలిపిన అంబలిని, కలుపని అంబలిని కాచి సాయంకాలము వాని ముందుంచి పోయిన, తెల్లవారునప్పటికి రెండు గీతములు సిద్ధముగా నుండును. లైసిన్ శిఖరము ఎంత లేచినదో అక్షరములు రానివారికిని కంటికి కనబడును.